వాన, వరద, పిడుగు, ఎండ: ముందే ఎలా తెలుసుకోవాలి (ఉమ్మడి వరంగల్, ఉత్తర తెలంగాణ వాళ్ల కోసం)

జూన్ మొదలైతే చాలు, నా ఫోన్‌కు రోజూ అవే ప్రశ్నలు. "అన్నా, రేపు వాన పడ్తదా, పత్తి గింజలు పెట్టాల్నా ఆగాల్నా", "రెడ్ అలర్ట్ అంటున్నరు, పిల్లల్ని బడికి పంపాల్నా", "గోదావరి ఎంతకొచ్చింది, ఏటూరునాగారం పోవచ్చా". ఒక్కొక్కరికీ విడిగా చెప్తూ పోతే రాత్రి పదకొండవుతోంది. పైగా నేను నిద్రపోయాక వాన ముదిరితే అడిగినవాళ్లకు జవాబిచ్చేవాళ్లు ఉండరు. అందుకే నేను ఏమేం చూస్తానో, ఏ వరుసలో చూస్తానో, ఎక్కడ పొరపాటు పడతామో అంతా ఇక్కడ రాస్తున్నాను. పది రోజులు చేస్తే అలవాటైపోతుంది.

ముందు ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి, మిగతాదంతా దీని మీదే నడుస్తుంది. మనల్ని ముంచే నీళ్లు చాలాసార్లు మన ఊరి మీద కురిసినవి కావు. 2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చినప్పుడు మన వైపు వాన అప్పటికే తెరిపి ఇచ్చింది. ఆ నీళ్లు మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్, ఎగువ తెలంగాణ నుంచి దిగినవి. 2023 జులై 26 రాత్రి నేను హనుమకొండ జిల్లా ఒక్కటే చూసుకుని పడుకున్నాను. మా చిన్నాయన వాళ్లుండేది చిట్యాల వైపు. తెల్లారేసరికి ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు, చిట్యాలలో 616.5 మిల్లీమీటర్లు నమోదైంది, మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగింది, జనం ఇండ్లపైకి ఎక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. చిన్నాయనకు ఫోన్ కలిసేసరికి మధ్యాహ్నం దాటింది. మనుషులు క్షేమమే, రెండు బర్రెలు పోయాయి. ఆ పొద్దు నుంచి నేను నా జిల్లా ఒక్కటే చూడడం మానేశాను.

ఏమేం కావాలి

నెట్ ఉన్న ఫోన్, అందులో నాలుగు యాప్‌లు: మౌసమ్ (వాతావరణ శాఖది, అంటే ఐఎండీది), దామిని (పిడుగులకు), సచేత్ (జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ హెచ్చరికలకు), ఫ్లడ్‌వాచ్ ఇండియా (కేంద్ర జల సంఘానిది, నదుల మట్టాలకు). వ్యవసాయం ఉంటే మేఘదూత్ కూడా పెట్టుకోండి. అన్నీ ఉచితమే.

ఒక నోటుపుస్తకం. గోడలు నిటారుగా ఉన్న ఒక డబ్బా, స్కేలు. బ్యాటరీతో నడిచే చిన్న రేడియో, పవర్ బ్యాంకు. ఒక కాగితం మీద ఈ నంబర్లు: ఏ అత్యవసరానికైనా 112, జిల్లా కంట్రోల్ రూమ్ 1077, రాష్ట్ర కంట్రోల్ రూమ్ 1070, అంబులెన్స్ 108, కరెంటు తీగలు తెగితే 1912. ఫోన్‌లో సేవ్ చేసుకున్నాం కదా అనుకోవద్దు. తడిసిపోయేది, ఛార్జింగ్ అయిపోయేది ఫోనే.

1. మీ చోటును మూడు రకాలుగా రాసుకోండి

మొదటిది మండలం. రెండోది జిల్లా, అది కూడా ఇప్పటి పేరుతో. 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండ జిల్లా అయింది, వరంగల్ రూరల్ వరంగల్ జిల్లా అయింది. ఇప్పటికీ హనుమకొండలో ఉంటూ వరంగల్ జిల్లా హెచ్చరిక చూసుకునేవాళ్లు, నర్సంపేటలో ఉండి హనుమకొండది చూసేవాళ్లు నాకు రోజూ కనిపిస్తారు. పాత వరంగల్ ఇప్పుడు హనుమకొండ, వరంగల్, జనగామ, మహబూబాబాద్, ములుగు, జయశంకర్ భూపాలపల్లి, ఆరు ముక్కలు. మీ జిల్లాతో పాటు చుట్టుపక్కల జిల్లాలన్నీ రాసుకోండి.

మూడోది నీళ్ల దారి, ఇదే అసలైనది. మీ ఊరి పక్క వాగు ఎక్కడ పుడుతుంది, ఏ చెరువుల మత్తడి దానిలో కలుస్తుంది, చివరికి ఎందులో పడుతుంది. తెలియకపోతే ఊర్లో పెద్దవాళ్లను అడగండి, బర్రెలు కాసినవాళ్లకు, చెరువు తూము చూసేవాళ్లకు ఇది నోటికి వచ్చు. కాకతీయుల నాటి నుంచి మనవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువుకు గండి పడితే ఆ నీళ్లన్నీ కింది చెరువు మీద పడతాయి, అది ఆగకపోతే దాని కిందిది. కాబట్టి మీకు పైన ఎన్ని చెరువులున్నాయో, వాటి పేర్లేమిటో కాగితం మీద ఉండాలి.

2. పొద్దున రెండు నిమిషాలు దేశం మొత్తం చూడండి

మౌసమ్‌లో గానీ ఐఎండీ సైట్‌లో గానీ దేశం మొత్తం హెచ్చరికల పటం ఉంటుంది. మన వాళ్లు నేరుగా తమ జిల్లా నొక్కేసి బయటికొస్తారు. మీరు అలా చేయొద్దు. మూడు చోట్ల చూడండి: బంగాళాఖాతం, విదర్భ (నాగపూర్, చంద్రాపూర్, గడ్చిరోలి వైపు), దక్షిణ ఛత్తీస్‌గఢ్ (బస్తర్ వైపు). వానాకాలంలో బంగాళాఖాతంలో పుట్టిన అల్పపీడనం సాధారణంగా ఒడిశా, ఛత్తీస్‌గఢ్ మీదుగా పడమటి వైపు కదులుతుంది, పోతూ పోతూ మనల్ని, విదర్భను తడుపుతుంది. అంటే సముద్రంలో అల్పపీడనం అన్న మాట వినగానే మీకు ఒకటి రెండు రోజులైనా టైమ్ దొరికినట్టే.

ఇక్కడ అందరూ పడే పొరపాటు ఒకటుంది. అల్పపీడనం, వాయుగుండం, తుపాను అనే పేర్లు గాలి వేగాన్ని బట్టి పెట్టేవి. గాలి గంటకు 31 నుంచి 49 కిలోమీటర్లుంటే వాయుగుండం, 50 నుంచి 61 అయితే తీవ్ర వాయుగుండం, 62 దాటితే తుపాను. వాన ఎంత పడుతుందో ఆ పేరు చెప్పదు. "తుపాను కాదట, ఉత్త అల్పపీడనమేనట" అని ఊపిరి పీల్చుకోవద్దు. 2023 జులైలో లక్ష్మీదేవిపేట రికార్డు వానకు కారణం పేరు కూడా లేని అల్పపీడనమే. 2024 సెప్టెంబర్ 1న కళింగపట్నం దగ్గర తీరం దాటింది వాయుగుండం మాత్రమే, అయినా మహబూబాబాద్ జిల్లాలో కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. అలాగని తుపాను తీరం దాటింది కదా, మనకు దూరం కదా అనుకోవడం కూడా తప్పే. 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను ఆంధ్ర తీరం దాటితే, మర్నాడు హనుమకొండ జిల్లా భీమదేవరపల్లిలో 40 సెంటీమీటర్లకు పైగా వాన పడింది, వరంగల్ కాలనీల్లోకి నీళ్లొచ్చాయి.

విండీ లాంటి యాప్‌లు చూసేవాళ్లకు ఒక మాట. అందులో కనిపించేది కంప్యూటర్ లెక్క, హెచ్చరిక కాదు. రెండు మోడళ్లు మార్చి చూడండి, యూరప్‌ది, అమెరికాది. రెండూ ఒకే చోట ఒకే రోజు పెద్ద వాన చూపిస్తే జాగ్రత్త పడండి, చెరోమాట చెప్తే ఇంకో రోజు ఆగి చూడండి. ఐదు రోజుల తర్వాతి వాన బొమ్మలను ఎవరికీ ఫార్వర్డ్ చేయొద్దు, అవి రోజుకోలా మారతాయి.

3. ఆ తర్వాత మీ జిల్లా హెచ్చరిక, సరిగ్గా చదవండి

ఎల్లో అంటే గమనిస్తూ ఉండండి. ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండండి. రెడ్ అంటే ఇక చేయాల్సింది చేయండి. రంగు ఇచ్చేటప్పుడు వాన ఎంత, నష్టం ఎంత, జరిగే అవకాశం ఎంత అన్నీ కలిపి చూస్తారు. కాబట్టి ఎల్లో రోజున మీ ఒక్క మండలంలో కుండపోత పడితే హెచ్చరిక తప్పైందని అనుకోకండి.

మాటలకు కూడా లెక్కలున్నాయి. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్ల నుంచి 115.5 వరకు భారీ, 115.6 నుంచి 204.4 వరకు అతి భారీ, అది దాటితే అత్యంత భారీ. పేపర్‌లో సెంటీమీటర్లు రాస్తారు, యాప్‌లో మిల్లీమీటర్లు ఉంటాయి. "20 వాన పడింది" అని ఎవరైనా అంటే ఏ లెక్కలో అని అడగండి, 20 మిల్లీమీటర్లయితే విత్తనాలకు మంచిదే, 20 సెంటీమీటర్లయితే ఊరు ఖాళీ చేయాల్సి రావచ్చు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు పడితే ఒక లీటరు. ఆ లెక్కన ఒక చదరపు కిలోమీటరు మీద 10 సెంటీమీటర్లు పడితే 10 కోట్ల లీటర్లు, నేలలో ఇంకగా మిగిలినవన్నీ వాగులోకి దిగుతాయి.

"ఒకటి రెండు చోట్ల", "కొన్ని చోట్ల", "చాలా చోట్ల" అన్నవి కూడా ఊరికే వాడే మాటలు కావు. మొదటిదానికి అర్థం ఆ ప్రాంతంలో 25 శాతం లోపు చోట్ల, రెండోది 26 నుంచి 50, మూడోది 51 నుంచి 75, "దాదాపు అన్ని చోట్ల" అంటే ఆ పైన. "ఒకటి రెండు చోట్ల అత్యంత భారీ" అని ఉంటే ఆ ఒకటి మీ ఊరో, మీ ఎగువ ఊరో కావచ్చు.

ఇంకోటి, వాతావరణ శాఖకు రోజు పొద్దున 8:30కి మొదలై మర్నాడు 8:30కి ముగుస్తుంది. 27వ తేదీ వాన అని పేపర్‌లో చదివితే అందులో 26 పగలు, రాత్రి పడ్డదే ఎక్కువ ఉంటుంది. "రేపు రెడ్" అంటే ఎల్లుండి తెల్లవారుజాము కూడా దాంట్లోదే. మన దగ్గర పెద్ద వరదలు చాలా వరకు ఆ వేళకే వచ్చాయి.

4. మబ్బు పట్టాక: మూడు గంటల హెచ్చరిక, రాడార్

వాన మొదలయ్యే రోజున జిల్లా రంగు సరిపోదు. మౌసమ్‌లో నౌకాస్ట్ అని ఉంటుంది, అది వచ్చే మూడు గంటలకు మాత్రమే. ఎప్పటి నుంచి ఎప్పటి వరకు అన్నది దాని మీదే రాసి ఉంటుంది, ముందు అది చదవండి.

తర్వాత హైదరాబాద్ డాప్లర్ రాడార్ బొమ్మ. వరంగల్ ఆ రాడార్‌కు ఈశాన్యంలో ఉంటుంది కాబట్టి బొమ్మ మధ్య నుంచి కుడి పైమూల వైపు చూడండి. పచ్చ రంగు చిన్న వాన, పసుపు, నారింజ గట్టి వాన, ఎరుపు ముదురుతుంటే ఉరుములు, వడగండ్లు. ఒక్క బొమ్మ చూసి ఏమీ చెప్పలేం, వరుసగా నాలుగైదు చూసి ఎటు జరుగుతుందో పట్టుకోండి. జనగామ మీద ఉన్నది మన వైపు వస్తోందా, పక్క నుంచి పోతోందా అన్నది అలాగే తెలుస్తుంది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఒకటి టైమ్. రాడార్, ఉపగ్రహ బొమ్మల మీద చాలాసార్లు యూటీసీ టైమ్ (ప్రపంచమంతా వాడే ప్రామాణిక టైమ్) ఉంటుంది, మన టైమ్ కావాలంటే దానికి 5 గంటల 30 నిమిషాలు కలపాలి. 09:00 అని ఉంటే మనకు మధ్యాహ్నం 2:30. దీన్ని పొద్దున బొమ్మ అనుకుని "ఇది పాతది" అని పక్కన పెట్టేసినవాళ్లున్నారు, నిజంగా పాత బొమ్మను ఇప్పటిది అనుకుని ఊరంతా టెన్షన్ పెట్టినవాళ్లూ ఉన్నారు. రెండోది దూరం. రాడార్ కిరణం దూరం పోయే కొద్దీ నేల నుంచి ఎత్తుకు పోతుంది, అందుకని ఏటూరునాగారం, వాజేడు అడవుల మీద కింద కింద పడే వాన సరిగ్గా కనిపించకపోవచ్చు. రాడార్‌లో ఖాళీగా ఉంది కదా అని అటువైపు వాగులు దాటడానికి బయల్దేరకండి. రాడార్ పేజీ తెరుచుకోకపోతే ఇన్‌శాట్ ఉపగ్రహ బొమ్మ చూడండి, అంత వివరం ఉండదు గానీ మబ్బు గుంపు ఎటు పోతుందో తెలుస్తుంది.

ఇప్పటికే ఎంత పడిందో తెలియాలంటే తెలంగాణ డెవలప్‌మెంట్ ప్లానింగ్ సొసైటీ సైట్. మండలాల్లో పెట్టిన ఆటోమేటిక్ యంత్రాల లెక్క అందులో వస్తుంది. మీ మండలం కన్నా ముందు మీ ఎగువ మండలాలు చూడండి. పైన రెండు మూడు గంటల్లో 10 సెంటీమీటర్లు దాటిందంటే, మీ దగ్గర చినుకు లేకపోయినా వాగు పక్కకు పోవద్దు, పశువులను అవతలి ఒడ్డున కట్టేయొద్దు.

5. గోదావరి, వాగులు, చెరువులు

ఫ్లడ్‌వాచ్‌లో మీ స్టేషన్ వెతికి పెట్టుకోండి. మన వైపు వాళ్లకు కాళేశ్వరం, పేరూరు, దుమ్ముగూడెం, భద్రాచలం పనికొస్తాయి. పచ్చ మామూలు, పసుపు హెచ్చరిక మట్టం దాటింది, నారింజ ప్రమాద మట్టం దాటింది, ఎరుపు అంటే ఇప్పటివరకున్న గరిష్ట మట్టాన్ని తాకింది లేదా దాటింది. భద్రాచలం లెక్క అడుగుల్లో అందరికీ తెలిసిందే: 43 మొదటి హెచ్చరిక, 48 రెండోది, 53 మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, ఇప్పటికీ అదే రికార్డు.

మట్టం ఎంత ఉందన్నది సగం సంగతే. పెరుగుతోందా, నిలకడగా ఉందా, గంటకు ఎంత పెరుగుతోంది, ఇవి రాసుకోండి. 46 అడుగులుండి తగ్గుతుంటే భయం లేదు, 41 ఉండి గంట గంటకూ పెరుగుతుంటే సామాను సర్దుకోవడం మొదలుపెట్టాలి.

పైనుంచి వచ్చేది ఇలా చూడండి. శ్రీరాంసాగర్ పూర్తి మట్టం 1091 అడుగులు, అది నిండుగా ఉన్నప్పుడు వచ్చిన వరద వచ్చినట్టే కిందికి వదులుతారు. శ్రీరాంసాగర్‌కు పైన మహారాష్ట్రలో ఉన్న బాబ్లీ బ్యారేజీ గేట్లు ఏటా జులై 1 నుంచి అక్టోబర్ 28 వరకు తెరిచే ఉంటాయి, కాబట్టి ఆ నాలుగు నెలలు మహారాష్ట్ర నీళ్లకు అక్కడ అడ్డం లేదు. కడెం వేరే కథ, అక్కడ వరద గంటల్లో పెరుగుతుంది, 2022 జులైలో గేట్ల మీది నుంచే నీళ్లు దుంకాయి. ఆ తర్వాత ఎల్లంపల్లి. వీటన్నిటి కన్నా మంగపేట, ఏటూరునాగారం వాళ్లను ముంచేది ఎక్కువగా కాళేశ్వరం దగ్గర కలిసే ప్రాణహిత, అది వార్ధా, వైన్‌గంగ నీళ్లను మోసుకొస్తుంది, దాని మీద మన దగ్గర ఆపే పెద్ద డ్యామ్ ఏదీ లేదు. ఇంకొంచెం కిందికి ఇంద్రావతి కలుస్తుంది. అందుకే రెండో మెట్టులో విదర్భ, బస్తర్ చూడమన్నాను.

క్యూసెక్కుల లెక్కకు భయపడొద్దు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీళ్లు, టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ. లక్ష క్యూసెక్కులంటే రోజుకు ఎనిమిదిన్నర టీఎంసీలు పైనే.

చిన్న వాగులకు, చెరువులకు ఏ యాప్‌లోనూ మట్టం ఉండదు. మీ కళ్లే. వంతెన స్తంభం మీద ఎర్ర రంగుతో గీతలు పెట్టించండి, పంచాయతీ వాళ్లు ఒప్పుకోకపోతే కుర్రాళ్లే డబ్బా రంగు తెచ్చి వేయండి. చెరువు కట్ట మీద బుంగ, తడి మరక, కట్ట వెనక బురద నీళ్లు ఊరడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా 1077కు చెప్పండి, కింది ఊరికీ చెప్పండి. ఊరిన నీళ్లు తేటగా ఉంటే కొంత వ్యవధి ఉండొచ్చు, బురదగా వస్తున్నాయంటే కట్ట లోపలి మట్టి కొట్టుకుపోతోందని అర్థం. బుంగ దగ్గరికి టార్చి పట్టుకుని ఒక్కరే పోవద్దు.

మనమూ ఎవరికో ఎగువ వాళ్లమేనని మర్చిపోవద్దు. ఆకేరు, మున్నేరు మన వైపు నుంచే ఖమ్మం పోతాయి. మహబూబాబాద్‌లో అర్ధరాత్రి దంచికొడితే ఖమ్మంలో మీ చుట్టం నిద్రలో ఉంటారు, ఫోన్ చేసి లేపండి.

6. పిడుగు

దామిని తెరిస్తే మీరున్న చోటు చుట్టూ 20, 40 కిలోమీటర్ల వలయాలు కనిపిస్తాయి, వాటిలో పిడుగులు పడ్డ చోట్లు చుక్కలుగా వస్తాయి. లొకేషన్ ఆన్‌లో లేకపోతే అది పనిచేయదు, చాలామంది "నాకు ఏమీ చూపట్లే" అనేది ఇందుకే. 20 కిలోమీటర్ల వలయంలోకి చుక్క వచ్చిందంటే పొలం పని ఆపేయండి.

నెట్ లేకపోతే: మెరుపు కనిపించాక లెక్కపెట్టండి, ఉరుము వినపడే దాకా ఎన్ని సెకన్లో దాన్ని 3తో భాగిస్తే అన్ని కిలోమీటర్లు. 30 సెకన్ల లోపే ఉరిమితే పక్కా ఇంట్లోకి పోవాలి. చివరి ఉరుము తర్వాత కూడా అరగంట లోపలే ఉండాలి, వాన తగ్గిందని వెంటనే గొర్ల దగ్గరికి పరుగెత్తి పోయినవాళ్లు మన ఊర్లలో ఎంతమంది పోయారో మీకూ తెలుసు. చింతచెట్టు కిందికి, వేపచెట్టు కిందికి పోవద్దు. ఎటూ దారి లేక బయట ఇరుక్కుంటే పాదాలు దగ్గరగా పెట్టి గొంతుక్కూర్చోండి, నేల మీద పడుకోవద్దు, గుంపుగా ఉంటే దూరం దూరం జరగండి.

7. ఎండ, వడగండ్లు, భూకంపం

ఎండకు: మన మైదానాల్లో 40 డిగ్రీలు దాటి, మామూలు కన్నా 4.5 డిగ్రీలు ఎక్కువుంటే వడగాలి అంటారు, 45 తాకితే ఎలాగూ వడగాలే. ఆ అంకె నీడలో కొలిచింది, కూలి పని చేసే చోట అంతకన్నా వేడి ఉంటుందని లెక్కేసుకోండి. పని పొద్దున పదకొండు లోపు ముగించండి. ఎవరైనా చెమట ఆగిపోయి తికమకగా మాట్లాడుతుంటే నీళ్లు చల్లుతూ నీడకు మార్చి 108కి ఫోన్ చేయండి.

వడగండ్లకు మార్చి, ఏప్రిల్‌లలో నౌకాస్ట్ ఒక్కటే దిక్కు. మిర్చి కల్లంలో ఉన్నా, వడ్లు ఐకేపీ కేంద్రంలో ఆరబోసినా, టార్పాలిన్లు ఇంట్లో కాదు, కుప్ప పక్కనే ఉండాలి. మబ్బు కమ్మాక కిరాయికి వెతికితే దొరకవు.

భూకంపాన్ని ముందే చెప్పగలిగేవాళ్లు ప్రపంచంలో ఎవరూ లేరు. 2024 డిసెంబర్ 4 పొద్దున 7:27కి ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో వచ్చాక "ఇంకో గంటలో పెద్దది వస్తది" అని తిరిగిన మెసేజ్‌ల వల్ల చాలామంది ఆ రోజంతా భయంతో బయటే కూర్చున్నారు. వచ్చాక ఎక్కడ, ఎంత అన్నది జాతీయ భూకంప కేంద్రం వాళ్ల భూకంప్ యాప్‌లో చూసుకోవచ్చు. ఊగుతున్నప్పుడు బల్ల కింద దూరి తల కాపాడుకోండి, ఆగాక బయటికి రండి.

8. ఫోన్ మోగేలా చేసి పెట్టుకోండి

సెట్టింగ్స్‌లో వైర్‌లెస్ ఎమర్జెన్సీ అలర్ట్స్ అని వెతికి అన్నీ ఆన్ చేయండి. ఈ హెచ్చరిక టవర్ నుంచి వస్తుంది, నంబర్ నమోదు చేసుకునే పని లేదు. పెద్ద శబ్దంతో మోగుతుంది, అది విని భయపడి ఆపేసినవాళ్లు మళ్లీ ఆన్ చేసుకోండి. ఇంట్లో బాపు ఫోన్, అవ్వ ఫోన్ కూడా మీరే పట్టుకుని చూడండి. సచేత్‌లో మీ జిల్లాతో పాటు ఎగువ జిల్లా కూడా పెట్టి, భాష తెలుగు ఎంచుకోండి. కీప్యాడ్ ఫోన్ ఉన్నవాళ్లకు పక్కింటి నుంచి ఎవరు చెప్పాలో ముందే అనుకోండి.

9. ఏ రంగుకు ఏం చేయాలో వాన పడకముందే రాసి పెట్టుకోండి

అర్ధరాత్రి నీళ్లు గుమ్మం దాకా వచ్చాక ఇంట్లో నలుగురూ నాలుగు మాటలంటారు. మా ఇంట్లో గోడకు అంటించింది ఇది, మీ చోటును బట్టి మార్చుకోండి. ఆరెంజ్ వస్తే: ఫోన్లు, పవర్ బ్యాంకు నిండా ఛార్జింగ్, ఆధార్, పాస్‌బుక్, పట్టాదారు పాస్‌పుస్తకం ప్లాస్టిక్ సంచిలో, బీపీ, షుగర్ మందులు వారానికి సరిపడా, రెండు బిందెల తాగే నీళ్లు, మోటారు దగ్గరికి ఎవరూ పోవద్దు. రెడ్ వచ్చి ఎగువన కూడా రెడ్ ఉంటే: పెద్దవాళ్లను, పిల్లలను, గర్భిణీలను చీకటి పడకముందే ఎత్తు మీదున్న ఇంటికో బడికో పంపడం, పశువుల పలుపులు విప్పేయడం, మెయిన్ స్విచ్ ఎక్కడుందో ఇంట్లో అందరికీ చూపించడం. వంతెన మీద మనం గీసిన ఎర్ర గీతను నీళ్లు తాకితే రంగుతో పని లేదు, లేచి పోవడమే.

పారే నీళ్లలో అడుగు లోతు చాలు, చిన్న కారును కదిలిస్తాయి. రెండడుగులైతే చాలా బండ్లు కొట్టుకుపోతాయి. లో లెవల్ వంతెన మీద నీళ్ల కింద రోడ్డు ఉందో కోసుకుపోయిందో పైనుంచి కనపడదు. "రోజూ పోయే దారే కదా" అని దిగొద్దు, ముందు బస్సు పోయింది కదా అని కూడా దిగొద్దు.

సరిగ్గా చూస్తున్నామా అని ఎలా తెలుసుకోవాలి

డబ్బాతో మీరే వాన కొలవండి. గోడలు నిటారుగా ఉండాలి, గ్లాసులా పైన వెడల్పు, కింద సన్నగా ఉంటే లెక్క తప్పుతుంది. ఇల్లు, చెట్లకు వాటి ఎత్తుకు రెండింతల దూరంలో బయట పెట్టి, గాలికి పడకుండా ఇటుకలు ఆనించండి. రోజూ పొద్దున 8:30కి స్కేలుతో కొలిచి రాసి పారబోయండి. పెద్ద వాన రాత్రి డబ్బా నిండేదాకా ఆగొద్దు, మధ్యలోనే కొలిచి రాసి పారబోయాలి, లక్ష్మీదేవిపేట వాన పట్టాలంటే 65 సెంటీమీటర్ల డబ్బా కావాలి మరి. మీ లెక్క, మండలం యంత్రం లెక్క వేరుగా వస్తే కంగారుపడొద్దు, మూడు నాలుగు కిలోమీటర్ల తేడాలోనే వాన మారిపోతుంది. కానీ ప్రతిసారీ మీది సగమే వస్తుంటే డబ్బా చెట్టు చాటున ఉందేమో చూడండి.

నోటుపుస్తకంలో మూడు గళ్లు: హెచ్చరిక రంగు, పడిన వాన, వాగు మట్టం. ఎగువన ఇంత పడితే మన వాగు ఎన్ని గంటలకు పెరిగింది అన్నది ఒక్క వానాకాలంలోనే తేలిపోతుంది, అది మీ ఊరికి మాత్రమే పనికొచ్చే లెక్క, ఏ యాప్ వాళ్లూ ఇవ్వలేరు.

ఎవరైనా అలర్ట్ ఫొటో పంపితే మూడు వెతకండి: తేదీ, ఎప్పటి వరకు, ఎవరిచ్చారు. ఒక్కటి లేకపోయినా పంపినవాళ్లనే అడగండి. 2023 నాటి మోరంచవాగు వీడియోలు ప్రతి జులైలో మళ్లీ తిరుగుతాయి, అవి చూసి ఆ ఊర్లో బంధువులున్నవాళ్లు ఎంత తల్లడిల్లుతారో ఫార్వర్డ్ చేసేవాళ్లు ఆలోచించాలి.

చివరిగా ఒక సాయంత్రం ఇంట్లో డేటా, వైఫై ఆపేసి గంటసేపు చూడండి. రేడియోలో ఆకాశవాణి వరంగల్ పట్టుకోగలిగారా, నంబర్ల కాగితం దొరికిందా, టార్చి వెలిగిందా, పక్క ఊరి చుట్టానికి మామూలు కాల్ వెళ్లిందా. మేం మొదటిసారి చేసినప్పుడు రేడియోలో బ్యాటరీలు కారిపోయి ఉన్నాయి, మర్నాడే కొత్తవి తెచ్చి విడిగా కవర్‌లో పెట్టాం. మీరు జూన్ మొదటి వారంలోనే చేసుకోండి.